వరదకు దారి, మట్టికి కట్ట



హనుమాన్ జంక్షన్‌కు ఉత్తరమున నూజివీడు మామిడి తోటల ఎర్రనేలలు, దక్షిణమున గుడివాడ వైపు వరి పండు నల్లనేలలు గలవు. మెట్ట రైతుకు, పల్లపు రైతుకు పంటలు వేరైనను, ఇరువురికీ సంబంధించిన వాననీరు ఒక్కటే. బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు మెట్టల నీటిని కొల్లేటికి చేర్చును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు కొనిపోవును. ఈ నీటి దారిని గురించి మనము ఉమ్మడిగా ఆలోచించుట లేదని నా అభిప్రాయము.

ప్రాచీన ఈజిప్టు రైతుల సంగతి గమనించుడు. వారికి వానలు లేనట్లే. ఇథియోపియా కొండలలో కురిసిన వానలకు నైలు నది ఏటా వేసవిలో పొంగి పొలములను ముంచెడిది. వారు ఏడాదిని వరద కాలము, విత్తు కాలము, కోత కాలము అని మూడు భాగములుగా లెక్కించిరి. పొలములను గట్లతో పెద్ద మడులుగా చేసి, వరద నీటిని అందులో నలుబది దినములకు పైగా నిలిపి, ఒండ్రు దిగిన పిదప నీటిని దిగువకు విడిచి, ఆ పదునులో గోధుమ, బార్లీ చల్లిరి. ఇండ్లు మెరకపై కట్టుకొనిరి. నది మట్టమును రాతి మెట్లపై గీతలతో కొలిచి, దానిని బట్టి పంటను, శిస్తును అంచనా వేసిరి. వరద తగ్గిన కరవు, మించిన గండ్లు. గట్ల పని రాజాజ్ఞతో అందరి మీదను పడెడిది. ఆ వెట్టి మనకు వద్దు; ఆ క్రమము మాత్రము కావలెను.

మన కృష్ణా డెల్టా కూడ నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినదే. 1855లో బెజవాడ ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజి మన పొలములకు నీటి భరోసా ఇచ్చినవి. కాని ఎగువన నాగార్జునసాగరు, శ్రీశైలము జలాశయములు వచ్చిన పిదప ఒండ్రులో చాలా భాగము అక్కడనే ఆగిపోవుచున్నది. 1970లో అస్వాన్ ఆనకట్ట పూర్తియైన తరువాత ఈజిప్టులోను ఇదే జరిగినది. ఆనకట్టలను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. నది ఉచితముగా ఇచ్చిన సారమును ఇక మనమే సమకూర్చుకొనవలెను.

ఒండ్రు తగ్గినను వరద తప్పలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాల్వ గట్టుకు గండ్లు పడి విజయవాడలో వేలాది ఇండ్లు మునిగినవి. దిగువన నందివాడ వైపు పల్లెలు, పొలములు నీట చిక్కినవి. ఏటి దారిలో కట్టడములు, మురుగు కాల్వలలో గుర్రపుడెక్క, కొల్లేటిలో చేపల చెరువుల గట్లు నీటిని ఎగదన్నుచున్నవి. ఆక్రమించిన ఎకరముపై ఒక కుటుంబము బ్రతుకుచుండవచ్చును. కాని ఆ ఎకరము వలన ఎగువన నూరెకరముల వరి కుళ్ళిన, ఆ నష్టమును ఎవరు భరింతురు?

మామిడి రైతులు వాలుకు అడ్డముగా గట్లు వేసి, అడ్డముగానే దున్నవలెను. మీ తోట పైమట్టి వానకు కొట్టుకొనిపోయిన మీకు సారము పోవును. అదే మట్టి దిగువ కాల్వలను, కొల్లేటిని పూడ్చును. వరి రైతులు కోతకు ముందు పదునులో పిల్లిపెసర చల్లవలెను; లేదా తొలకరికి జీలుగు వేసి, పూత దశలో కలియదున్నవలెను. ఒండ్రు చేసిన మేలంతయు దీనివలన రాదు గాని, నేలకు జీవము వచ్చును.

గ్రామాధికారులకు నా మనవి: మీ గ్రామ పటములోని వాగుల, మురుగు కాల్వల హద్దులను సర్వే చేయించి రాళ్ళు పాతించుడు. 2024 నీటి మట్టమును బడి గోడపై గీత గీయించుడు. మరుసటి ఇల్లు, మరుసటి చెరువు ఎక్కడ కట్టరాదో ఆ గీత చెప్పును. కాల్వ పూడిక తీయుటకు వేసవిలోనే గ్రామసభలో తీర్మానించుడు. వరద వచ్చిన పిదప చేయు తీర్మానము పంటను కాపాడదు.