చిన్న ప్రేమనవలకూ సమీక్ష కావాలి

సంపాదకునికి,

సమకాలీన చిన్న ప్రేమనవలకు కొలతలు స్పష్టంగా ఉన్నాయి. యాభై వేల పదాలకు కాస్త అటూ ఇటూగా, రెండు వందల పేజీల లోపు, ఈ కాలపు ఇద్దరు మనుషుల మధ్య ప్రేమ పుట్టి, అడ్డంకులు దాటి, నిలదొక్కుకునే కథ అది. 1980లో ఏర్పడిన అమెరికా రొమాన్స్ రచయితల సంఘం ప్రేమనవలకు రెండే లక్షణాలు చెప్పింది. కథకు ప్రేమే కేంద్రం కావాలి. ముగింపు మనసుకు తృప్తినిచ్చి, ఆశ కలిగించాలి. ఈ రెండో లక్షణాన్ని సాకుగా చూపి చాలామంది విమర్శకులు ఈ నవలలను పక్కన పెడుతున్నారు. చివరికి ఇద్దరూ ఒకటవుతారని ముందే తెలిసిన పుస్తకంలో సమీక్షించడానికి ఏముంటుందన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు ఉంది. ముగింపు తెలిసినంత మాత్రాన అన్ని నవలలూ ఒకటైపోవు. వాటిలో మంచిచెడ్డలు ఉన్నాయి, వాటిని తూచే కొలమానాలూ ఉన్నాయి. తెలుగు పత్రికల పుస్తక సమీక్షల పేజీలు ఆ పని చేపట్టాలి.

ఈ నవల ఇంత బిగువైన రూపానికి రావడం వెనుక ప్రచురణ వ్యాపారం ఉంది. జెరాల్డ్ మిల్స్, చార్లెస్ బూన్ 1908లో లండన్‌లో స్థాపించిన మిల్స్ అండ్ బూన్ మొదట అన్ని రకాల పుస్తకాలూ వేసేది. జాక్ లండన్, పి.జి. వోడ్‌హౌస్ రచనలు కూడా ఆ సంస్థ నుంచి వెలువడ్డాయి. 1930లలో అద్దె లైబ్రరీలకు గిరాకీ పెరగడంతో అది పూర్తిగా ప్రేమనవలల వైపు మళ్ళింది. 1949లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన హార్లెక్విన్ సంస్థ 1957 నుంచి ఆ నవలలను ఉత్తర అమెరికాలో పునర్ముద్రించి, 1971లో మిల్స్ అండ్ బూన్‌నే కొనేసింది. 2014లో హార్లెక్విన్ కూడా హార్పర్‌కాలిన్స్ చేతికి వెళ్ళింది. నెలనెలా వరస కట్టి వచ్చే పుస్తకాలు, ఒకే పరిమాణం, ఒకే ధర, ఒకే తరహా అట్ట ఈ వ్యాపారం తెచ్చిన పద్ధతులు. పేజీల హద్దు మొదట ముద్రణ ఖర్చు కోసం పెట్టినదే అయినా, రచయితలు దాన్నే ఒక శిల్పంగా మలుచుకున్నారు.

హద్దు చిన్నది కాబట్టి ఉపకథలకు చోటుండదు. మొదటి అధ్యాయంలోనే నాయికానాయకులు ఎదురుపడాలి. తల్లి, స్నేహితురాలు, పై అధికారి వంటి పాత్రలు కథకు పనికొచ్చినంత మేరకే కనిపిస్తారు. ప్రతి సన్నివేశం ఆ ఇద్దరి మధ్య దూరాన్ని పెంచాలి, లేదా తగ్గించాలి. పమేలా రెజిస్ 2003లో ప్రేమనవల చరిత్రపై రాసిన పుస్తకంలో ఈ నిర్మాణాన్ని ఎనిమిది అంశాలుగా విడదీసింది. వారున్న సమాజం, తొలి పరిచయం, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ ప్రకటన, ఇక కలవరనిపించే ఘట్టం, అడ్డంకిని తొలగించే ఎరుక, ఒక్కటవడం. 1813 నాటి జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఈ ఎనిమిదింటినీ ఆమె చూపించింది. అంటే ఈ చట్రం చౌక పుస్తకాలతో పుట్టినది కాదు. అదే చట్రంలో గొప్ప నవలా వచ్చింది, పేలవమైన నవలలూ వచ్చాయి. తేడా చట్రంలో లేదు, దాన్ని నింపిన తీరులో ఉంది.

ముగింపు తెలియడం రసభంగమన్న మాట తెలుగువారికి అసలే నప్పదు. భామాకలాపంలో సత్యభామ అలక తీరుతుందనీ, కృష్ణుడు ఆమెను చేరతాడనీ ఎరుగని ప్రేక్షకుడు లేడు. అయినా ఊళ్ళకు ఊళ్ళు రాత్రుళ్ళు కూర్చుని చూశాయి. ఆ గర్వం ఎక్కడ బీట వారుతుంది, ఆ విరహం ఏ మాటలో బయటపడుతుంది అన్నదే అక్కడ చూడవలసినది. ప్రేమనవలలోనూ అంతే. ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్న ముందే తీరిపోయింది కనుక ‘ఎలా అవుతుంది’ అన్నదాని మీదే రచయిత భారమంతా వేయాలి.

అందుకే ఈ నవలను తూచేటప్పుడు మొదట చూడవలసినది అడ్డంకి. అది పాత్రల స్వభావంలోంచి, బతుకులోంచి రావాలి. పాత గాయం, ఆత్మాభిమానం, కుటుంబ బాధ్యత, వదులుకోలేని ఉద్యోగం వంటివి నిజమైన అడ్డంకులు. వాటిని దాటాలంటే మనిషి మారాలి. ఆ మార్పే కథ. నాయకుడి చెల్లెలిని చూసి ప్రియురాలనుకోవడం, అందని ఉత్తరం, సగం విన్న మాట వంటివి బలహీనమైనవి. ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారి మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థాన్ని నూట యాభై పేజీలు లాగితే పాఠకుల తెలివిని తక్కువ చేసినట్టే.

రెండోది అధికారం. ఒప్పందపు పెళ్ళి, యజమానికీ ఉద్యోగినికీ మధ్య ప్రేమ, విడిపోయిన జంట మళ్ళీ కలవడం ఈ నవలల్లో పదేపదే వచ్చే ఇతివృత్తాలు. పదేపదే రావడం దోషం కాదు. అవి లేవనెత్తే ప్రశ్నను దాటవేయడం దోషం. యజమాని ప్రేమిస్తున్నానన్నప్పుడు ఆమె కాదంటే ఆ ఉద్యోగం ఏమవుతుంది? ఈ ప్రశ్నను ఎదుర్కొన్న నవల చిన్నదైనా బరువుగా ఉంటుంది. గత శతాబ్దపు నవలల్లో బలవంతపు ముద్దునూ, నాయకుడి కాఠిన్యాన్నీ గాఢమైన ప్రేమకు గుర్తుగా చూపినవి చాలా ఉన్నాయి. ఇప్పటి మంచి నవలల్లో ఆమె ఇష్టం స్పష్టంగా వినిపిస్తుంది. ఒకప్పుడు నాయిక వైపు నుంచే నడిచిన కథనం ఇప్పుడు నాయకుడి మనసులోకీ వెళుతోంది. దానివల్ల అతని మౌనానికీ కోపానికీ కారణం పాఠకులకు ముందుగానే అందుతోంది.

మూడోది చివరి అధ్యాయం. నిడివి తక్కువైన నవల ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పుస్తకమంతా నొప్పించిన నాయకుడు ఆఖరి రెండు పేజీల్లో మొదటినుంచీ ప్రేమిస్తూనే ఉన్నానని చెప్పేస్తే ఆ ముగింపు అతికించినట్టు ఉంటుంది. పశ్చాత్తాపం చేతల్లో కనబడాలి, దానికి పేజీలు కేటాయించాలి. పెళ్ళి, ఆపై ఒక బిడ్డ అన్న చివరి మాట సంతోషానికి రుజువు కాదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఏం సర్దుకున్నారో, ఏది వదులుకోనక్కరలేదని తేల్చుకున్నారో తెలిసినప్పుడే పాఠకులు ఆ సుఖాంతాన్ని నమ్ముతారు.

ఇటువంటి తూకం పాఠకులు ఎప్పటినుంచో వేస్తున్నారు. జానిస్ రాడ్‌వే 1984లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని ఒక పట్టణపు స్త్రీలను వారి చదువు గురించి అడిగి తెలుసుకుంది. ఇంటి చాకిరీ మధ్య తమకంటూ మిగుల్చుకున్న సమయం ఈ చదువేనని వారు చెప్పారు. అన్నింటినీ ఒకే తీరున మెచ్చలేదు కూడా. తెలివైన నాయిక, ఆమె పట్ల ఆర్ద్రత చూపే నాయకుడు ఉన్నవాటిని మేలైనవన్నారు. క్రూరత్వం మితిమీరినవాటిని విఫలమైన నవలలుగా పక్కన పెట్టారు. ఈ చదువు స్త్రీల అసలు పరిస్థితిని మారుస్తుందా అన్న సందేహాన్ని రాడ్‌వే దాచుకోలేదు. అయినా ఆ పాఠకులు విచక్షణ లేనివారన్న మాటను ఆమె పుస్తకమే కొట్టేస్తుంది. 1990లలో రాధికా పరమేశ్వరన్ హైదరాబాద్‌లో మిల్స్ అండ్ బూన్ చదివే యువతులపై పరిశోధన చేసింది. ఇంగ్లీషు మెరుగుపరచుకోవడం, పెద్దలు మాట్లాడని విషయాలు తెలుసుకోవడం, తమ చుట్టూ ఉన్న కట్టుబాట్లను బేరీజు వేసుకోవడం వంటి ఎన్నో పనులకు వారు ఆ పుస్తకాలను వాడుకున్నారని అందులో తేలింది.

తెలుగు పత్రికలకు ఈ సంగతి దూరపుది కాదు. 1960, 70లలో వారపత్రికలనూ మాసపత్రికలనూ నిలబెట్టినవి ఎక్కువగా రచయిత్రుల నవలలే. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా, ‘ప్రేమ్‌నగర్’ 1971లో అదే పేరుతో సినిమాలయ్యాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1976లో తెరకెక్కింది. ఆరడుగుల అందగాడు, పొడుగాటి కారు అంటూ ఆమె నవలలను తేల్చేసినవారు ‘సెక్రటరీ’ నాయిక జయంతి ఆత్మాభిమానాన్ని పట్టించుకోలేదు. ఉద్యోగం చేసుకుంటూ తన గౌరవం తగ్గకుండా ప్రేమను అంగీకరించడం ఎలాగన్నది ఆనాడు ఉద్యోగాల్లోకి అడుగుపెడుతున్న ఎందరో యువతుల ప్రశ్న. 1978లో మొదలైన ‘చతుర’ సంచికకొక నవల చొప్పున ఇచ్చి, చిన్న నవలకు ఒక స్థిరమైన చోటు కల్పించింది. ఇప్పుడు అచ్చు పత్రికల్లో ఆ చోటు కుంచించుకుపోయింది. ప్రేమకథలు ఎక్కువగా ఫోన్ తెరల మీదికి మారాయి. రాసేవారూ చదివేవారూ ఉన్నారు. మంచిచెడ్డలు చెప్పే సంపాదకులూ సమీక్షకులూ వారికి దొరకడం లేదు.

అమెరికా రొమాన్స్ రచయితల సంఘం తన రీటా పురస్కారాల్లో చిన్న సమకాలీన నవలను చాలాకాలం ప్రత్యేక విభాగంగా పరిశీలించింది. దేన్ని దేనితో పోల్చాలన్న విషయంలో అది సరైన పద్ధతి. అదే పురస్కారం 2019 దాకా ఒక్క నల్లజాతి రచయితకూ దక్కకపోవడం పెద్ద లోపం. సొంత వర్గం ఇచ్చే బహుమతులు మాత్రమే చాలవనీ, బయటినుంచి నిష్పాక్షికమైన సమీక్ష కూడా అవసరమనీ ఈ అనుభవం చెబుతోంది.

తెలుగు సమీక్షల పేజీలో నెలకొక్కసారైనా చిన్న ప్రేమనవలకు స్థలం ఇవ్వాలి. అడ్డంకి నిజమైనదా, నాయిక ఇష్టానికి విలువ ఉందా, భాష పాత్రల నోట సహజంగా పలికిందా, ముగింపుకు తగిన పునాది పడిందా అని సమీక్షకులు అడగాలి. పేలవమైన పుస్తకాన్ని పేలవమనే రాయాలి. కులం, కట్నం, పెళ్ళి తర్వాత ఉద్యోగం, వలస వెళ్ళిన జంటల ఒంటరితనం వంటివి ఇప్పటి తెలుగు ప్రేమకు ఎదురయ్యే అసలైన అడ్డంకులు. వాటిని చిన్న నవలలోకి తెచ్చే రచయితలకు తమ పని గమనించేవారున్నారన్న ధైర్యం అవసరం. గట్టిగా తూచి చెప్పే సమీక్ష ఆ ధైర్యాన్నిస్తుంది, చదివేవారికి మంచి పుస్తకాన్ని ఎంచుకునే దారీ చూపుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు