డ్రాప్‌డౌన్‌లో దొరకని ఓనర్

మొన్న ఆఫీసులో ఒక సర్వే యాప్‌కి ఫామ్ రాస్తున్నా. 'కంపెనీ ఓనర్‌ది ఏ దేశం?' అన్న ప్రశ్నకి డ్రాప్‌డౌన్ పెట్టేసి టీకి వెళ్లొచ్చా. టెస్టింగ్ చూసే అక్క అడిగింది: "స్లొవేకియాలో జాగ్వార్ ల్యాండ్ రోవర్ ప్లాంటుంది. దానికేం నొక్కాలి?"

"బ్రిటన్" అన్నా ధీమాగా.

"టాటా వాళ్లది కదరా!"

నిజమే. నిట్రా అనే ఊళ్లో 2018లో మొదలైన ప్లాంటది. కంపెనీ బ్రిటన్‌ది, కానీ 2008లో టాటా మోటార్స్ కొనేసింది. నా ఫామ్‌లో ఒక్క దేశానికే చోటుంది.

తూర్పు యూరప్‌లో ఇది పాత తలనొప్పే. కమ్యూనిస్టుల కాలంలో పెద్ద ఫ్యాక్టరీ అంటే సర్కారుదే, ఓనర్ ఎవరని అడిగే పనే లేదు. 1989 తర్వాత అమ్మకాలు మొదలయ్యాయి. చెక్ కంపెనీ స్కోడాలోకి 1991లో ఫోక్స్‌వాగన్ వాటాదారుగా వచ్చింది, 2000కల్లా మొత్తం తనదే చేసుకుంది.

ఇలాంటి దేశాల్లో కంపెనీల పరిస్థితి తెలుసుకోడానికి ఈబీఆర్‌డీ, ప్రపంచ బ్యాంకు కలిసి 1999లో 'బీప్స్' సర్వే మొదలుపెట్టాయి. కంపెనీలో విదేశీయుల వాటా ఎంత శాతం, ప్రభుత్వానిది ఎంత అని అడుగుతారు. లంచాల దగ్గరికొచ్చేసరికి 'మీరెంత ఇచ్చారు' అనరు, 'మీలాంటి కంపెనీలు ఎంత ఇస్తుంటాయి' అంటారు. ఫామ్ రాయడమంటే అదీ!

అయినా శాతం తెలిస్తే అసలు మనిషి తెలిసినట్టు కాదు. రష్యాలో పెట్టుబడి పెట్టే దేశాల లిస్టులో బుల్లి దీవి సైప్రస్ ఏళ్ల తరబడి పైనే ఉండేది. అందులో చాలావరకు రష్యన్ల డబ్బే. పన్ను తగ్గుతుందని, భద్రంగా ఉంటుందని బయటికెళ్లి, విదేశీ వేషంలో ఇంటికొచ్చింది. మనకి మారిషస్ గుర్తొస్తుంది కదా?

అందుకే ఈ గొడవంతా. వచ్చింది కొత్త డబ్బా, పాత డబ్బే చుట్టు తిరిగొచ్చిందా తెలియకుండా రాయితీలిస్తే నష్టపోయేది జనమే. రేపు లైన్ ఆపాలనుకుంటే ఆ మాట ఎక్కణ్నుంచి వస్తుందో కూడా తెలియాలి. కియా 2006లో స్లొవేకియాలోని జిలినాలో కార్లు మొదలుపెట్టింది, 2019లో మన పెనుకొండ దగ్గర. రెండు చోట్లా పని ఊరివాళ్లది, హెడ్డాఫీసు సియోల్‌లో.

చివరికి ఫామ్‌లో రెండు గడులు పెట్టా: 'నేరుగా ఓనర్', 'అసలు ఓనర్'. డెడ్‌లైన్ రెండ్రోజులు జరిగిందని మేనేజర్ గుర్రుమన్నాడు. పర్లేదు. తప్పు లెక్క టైముకి ఇచ్చి ఏం లాభం?