స్కానింగ్ ఒక్కటే సాక్ష్యమా?

"ఈసారి తెల్లమచ్చ పెరిగిందట" - ఈ ఒక్క మాట చాలు, ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. "తగ్గిందట" అంటే వెంటనే దేవుడికి కొబ్బరికాయ కొడతారు. మెదడులో గడ్డ తిరగబెట్టి కీమో తీసుకుంటున్న వారి ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి జరిగే తంతే ఇది. ఇంతకీ ఆ తెల్లమచ్చ ఏమిటి?

ఎంఆర్ఐ తీసేటప్పుడు నరానికి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. మెదడు బాగున్నచోట రక్తనాళాల గోడలు దాన్ని బయటికి పోనివ్వవు. గోడ దెబ్బతిన్నచోట మందు కారుతుంది. ఫిల్ములో తెల్లగా కనిపించేది ఆ చోటే. గడ్డ పెరిగినా కారుతుంది, లోగడ ఇచ్చిన రేడియేషన్ వల్ల కణజాలం దెబ్బతిన్నా కారుతుంది. రేడియేషన్ ముగిసిన మొదటి మూడు నెలల్లో మచ్చ పెరిగినట్టు కనిపించి, మందు మార్చకుండానే తగ్గిపోవడం డాక్టర్లకు తెలిసిన విషయమే. నెలలు, ఏళ్లు గడిచాక కూడా ఆ దెబ్బ గడ్డలాగే కనిపించవచ్చు.

దీనికి తిరకాసూ ఉంది. బెవాసిజుమాబ్ ఇంజెక్షను కారే నాళాలను బిగిస్తుంది. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ వాపు తీస్తుంది. దాంతో తెలుపు తగ్గుతుంది, గడ్డ మాత్రం అలాగే ఉండవచ్చు. తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమా రోగులు 437 మందిపై యూరప్‌లో జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. లోముస్టిన్ మాత్రకు బెవాసిజుమాబ్ కలిపి ఇచ్చినవారిలో, జబ్బు ముదరకుండా ఉన్న కాలం సగటున 1.5 నెలల నుంచి 4.2 నెలలకు పెరిగింది. ఆయుష్షు మాత్రం 8.6 నెలల నుంచి 9.1 నెలలే అయింది. అంటే పెద్ద తేడా లేనట్టే.

అందుకే 1990 నాటి మెక్‌డొనాల్డ్ ప్రమాణాలే స్కానింగుతో పాటు స్టెరాయిడ్ మోతాదు, రోగి పరిస్థితీ చూడమన్నాయి. 2010లో వచ్చిన రానో ప్రమాణాలు, మందు కారనిచోట దాగిన గడ్డ కోసం ఫ్లెయిర్ చిత్రాలను కూడా చూడమన్నాయి.

మరి మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజున తగ్గించారు, ఎడమచేతి గ్లాసు ఎప్పటినుంచి జారుతోంది, మాట ఎక్కడ తడబడుతోంది - ఇవన్నీ ఎవరికి తెలుసు? రోజూ దగ్గరుండి చూసే ఇల్లాలికే కదా! చాలాచోట్ల జరిగేదేమిటి? డాక్టరుగారి గదిలోకి బావగారో, మేనమామో వెళతారు. ఆమె బయట బల్లమీద ఫైలు పట్టుకుని కూర్చుంటుంది. "ఆడవాళ్లు తట్టుకోలేరు" అంటారు. రాత్రింబవళ్లు చాకిరీ చేయడానికి తట్టుకున్న మనిషి, నాలుగు మాటలు వినడానికి తట్టుకోలేదా?

ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు, డాక్టర్లకు తీరిక తక్కువ, నిజమే. కానీ ఆమెను రెండు నిమిషాలు అడగడం దయాదాక్షిణ్యం కాదు, వైద్యంలో భాగం. ఆమె కూడా ఒక నోటుబుక్కులో తేదీ, మాత్రల మోతాదు, ఆ రోజు కనబడిన మార్పు రాసుకుని వెళ్లాలి. "ఇది గడ్డేనా, రేడియేషన్ ప్రభావమా? మళ్లీ స్కానింగ్ తీస్తే తేలుతుందా? స్టెరాయిడ్ మార్చినందువల్ల ఇలా కనిపిస్తోందా?" అని నోరు తెరిచి అడగాలి. రిపోర్టు చూసి హడలిపోయి కీమో మానేయడం, బాగుందని సంబరపడి స్టెరాయిడ్ ఉన్నపళాన ఆపేయడం - రెండూ ప్రమాదమే.

ఇదంతా లేని ఆశ పెట్టడానికి కాదు. పెరిగిన మచ్చ చాలాసార్లు నిజంగా గడ్డే కావచ్చు. అదైనా ఆమెకు నేరుగా చెప్పాలి. ఆయనతో గడపవలసిన రోజులు ఎన్నో, వాటిని ఎలా గడపాలో తెలుసుకునే హక్కు అందరికంటే ముందు ఆమెది. ఈసారి మీ ఇంట్లోవాళ్లెవరైనా స్కానింగ్ కవరు తీసుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరితే, ఆమెను బల్లమీద కూర్చోబెట్టకండి. లోపలికి తీసుకువెళ్లండి.