సజీవదాతకై నిరీక్షణము

మూత్రపిండములు రెండును చెడిన రోగికి నేటి వైద్యము చూపు మార్గములు రెండు. వారమునకు రెండు మూడు పర్యాయములు నాలుగేసి గంటలు యంత్రమున రక్తమును శుద్ధి చేయించుకొనుట యొకటి. ఇతరుల మూత్రపిండమును తన దేహమున అమర్చించుకొనుట మరియొకటి. మొదటిదానితో కాలము గడచును. రెండవది సరిపడెనా, రోగి మరల తన పనిలో ప్రవేశింపగలడు. 1954లో బోస్టను నగరమున డాక్టరు జోసెఫ్ మర్రే కవలసోదరులలో నొకని మూత్రపిండమును రెండవవాని కమర్చి ఈ చికిత్సకు దారి తీసెను. మన దేశమున 1971లో వెల్లూరున సజీవదాత మూత్రపిండముతో ఈ చికిత్స సఫలమయ్యెను. అర్ధశతాబ్దము దాటినది. శస్త్రవైద్యుని హస్తలాఘవము పెరిగినది గాని, దాతకొరకు ఎదురుచూచు కుటుంబముల యాతన తగ్గినట్లు మాకు తోపదు.

మరణించినవారి అవయవదానము మన దేశమున నింకను స్వల్పము. కావున భారమంతయు బ్రదికియున్న బంధువులపై పడుచున్నది. 1994 నాటి శాసనము భార్యాభర్తలను, తల్లిదండ్రులను, బిడ్డలను, తోబుట్టువులను దగ్గరి బంధువులుగా నెంచినది. 2011 సవరణము తాతలను, అవ్వలను, మనుమలను గూడ చేర్చినది. తక్కిన వారెవ్వరిచ్చినను అనుమతిసంఘము ఎదుట నిలిచి, ప్రేమచేతనే యిచ్చుచున్నాము గాని ధనమునకు గాదని ఋజువు చేయవలయును. ఈ కట్టుబాటు అవసరమే. మూత్రపిండ వ్యాపారమునకు అయిదు మొదలు పదియేండ్ల కారాగారము, ఇరువది లక్షలు మొదలు కోటి రూపాయల జుల్మానా విధించినను దళారులు మాసిపోలేదు. 2025 జనవరిలో హైదరాబాదున బయల్పడిన వ్యవహారమే తార్కాణము. అప్పులపాలైన పేద తన దేహము నమ్ముకొను సంతకు తలుపు తెరువుమని మేము కోరము.

అయితే ఇంటిలోపల జరుగునదేమి? రోగి గృహయజమానియైనచో భార్యయో తల్లియో ముందునకు వచ్చును. రోగి కోడలైనచో ఇంటివారికి హఠాత్తుగా వ్యవసాయపు పనులును, వృద్ధుల ఆరోగ్యమును జ్ఞప్తికి వచ్చును. ఇది మా నిష్ఠురోక్తి కాదు. 1995 మొదలు 2021 వరకు దేశమున జరిగిన 36,640 అవయవ మార్పిడులలో స్త్రీలు పొందినవి 6,945 మాత్రమే; సజీవదాతలలో మాత్రము స్త్రీలే అధికులు. దాతకు మిగిలిన మూత్రపిండము చాలునని వైద్యులు పరీక్షించియే నిర్ణయింతురు. ఆ అభయము స్త్రీకి చెల్లునప్పుడు పురుషునికేల చెల్లదు?

మరియొక చిక్కు కలదు. ఇచ్చుటకు మనసున్నను రక్తవర్గము కలియకపోవచ్చును. ఏ వర్గము దాత, బి వర్గము భర్త. వేరొక ఇంట సరిగా దీనికి విపర్యయము. ఈ రెండు కుటుంబములును దాతలను మార్చుకొన్నచో ఇద్దరు రోగులును బ్రదుకుదురు. 2011 సవరణము దీనికి అనుజ్ఞ యిచ్చినది. నాలుగు శస్త్రచికిత్సలును ఒకే దినమున, సాధ్యమైనచో ఒకే వేళ జరుపుట మంచిది. ఏలన, తనవానికి అందిన పిమ్మట రెండవ దాత వెనుదీసినచో ఏ న్యాయస్థానమును అతనిని శస్త్రచికిత్సకు ఒప్పింపజాలదు. ఇంత సక్రమమైన ఏర్పాటు మన దేశమున మిక్కిలి అరుదుగా జరుగుటకు కారణము వైద్యము గాదు. ఏ ఆసుపత్రి పేర్లు ఆ ఆసుపత్రి సొరుగులోనే యుండుట కారణము. పది జంటలలో దొరకని పొత్తు వేయి జంటలలో దొరకును. తిరుపతి రోగికి సరిపడు దాత వరంగల్లున నుండవచ్చును. ఒకరి సంగతి యొకరికి తెలియు టెట్లు?

శాసనము నమలుపరచుటలోని జాగునకు నిదర్శనము దూరమున వెదుకనక్కరలేదు. ఆరోగ్యము రాష్ట్రముల పాలు గనుక సవరణమును శాసనసభలు వేరుగా స్వీకరింపవలసియుండెను. తెలంగాణ శాసనసభ ఆ తీర్మానమును 2025 మార్చిలో చేసినది. అంతవరకు అచ్చట నడచినది 1995 నాటి పాత శాసనమే. ఆ పదునాలుగు సంవత్సరములలో మనుమని కొరకు మూత్రపిండమిత్తునని వచ్చిన అవ్వ దగ్గరి బంధువుల లెక్కలోనికి రాకపోయెను.

ఉభయ రాష్ట్రములకును ఉమ్మడిగా నుండు దాతల మార్పిడి పట్టిక యొకటి కావలెను. సర్కారు ఆసుపత్రి రోగి పేరును ప్రైవేటు ఆసుపత్రి రోగి పేరును అందొక్కవరుసగా నుండవలెను. ప్రభుత్వవ్యయమున చికిత్స పొందు పేదవాడు ఈ మార్పిడికి పొరుగు రాష్ట్రమునకు పోవలసివచ్చినచో ఆ వ్యయ మెవరు భరింతురో, కూలి పోగొట్టుకొనిన దాతకు కోలుకొనువరకు భుక్తి యెట్లో, పట్టిక తెరచు దినముననే మంత్రులు చెప్పవలసియుండును.