పట్టభద్రుని జీతము - పట్టమునకైన అప్పు

విద్యకు వెల కట్టరాదని పెద్దలు చెప్పుదురు. విద్యార్థి తండ్రి మాత్రము ఏటేట ఆ వెలను చెల్లించుచునే యున్నాడు. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి నిజామాబాదు పట్టణమునను, బోధను చెరకు పల్లెలలోను ఇంటింట ఒక లెక్క నడచును. భౌతికశాస్త్రము తీసికొని బి.ఎస్సి. చదివెదనని కుమారుడనును. అప్పు చేసి చదివించినచో ఆ అప్పు తీరునంత జీతము వచ్చునా యని తండ్రి అడుగును. ఇది శాస్త్రముపై గౌరవము లేక పుట్టిన ప్రశ్న కాదు. ఉపాధ్యాయులు దీనికి సూటిగా సమాధానము చెప్పవలసియున్నది.

తొలుత అప్పు ఎచ్చట పుట్టుచున్నదో చూడవలెను. నిజామాబాదులో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల 1956లో ఏర్పడినది. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయము 2006లో వెలసినది. 2008లో ఆరంభమైన బోధనా రుసుముల చెల్లింపు పథకము పేద విద్యార్థుల భారమును చాలవరకు తగ్గించినది. ప్రభుత్వ బకాయిలు పేరుకొనిపోయినవని 2025లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యములు తలుపులు మూసి నిరసన తెలిపిన మాటయు నిజమే. అయినను ప్రభుత్వ కళాశాలలో చేరిన వానికి అసలు వ్యయము రుసుము కాదు. వసతి, భోజనము, ప్రయాణము, పుస్తకములు, పిదప పోటీ పరీక్షల శిక్షణ - అప్పు వీనివలననే పుట్టుచున్నది. ఇట్టి వ్యయములకు పల్లెవాసి బ్యాంకు మెట్లెక్కుట తక్కువ. తెలిసిన వడ్డీ వ్యాపారి వాకిటికి పోవుటయే ఎక్కువ.

ఒక లెక్క వేసి చూతము. ఏటికి 60,000 రూపాయల వంతున మూడేండ్లు అప్పు తెచ్చినచో అసలు 1,80,000 రూపాయలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనగా ఏటికి 24 వంతులు. తొలి అప్పు తెచ్చిన నాటినుండి ఐదేండ్లు నిండునప్పటికి, చక్రవడ్డీ లేకున్నను, వడ్డీయే 1,72,800 రూపాయలగును. అదే మొత్తమును బ్యాంకులో ఏటికి 10 వంతుల వడ్డీకి తెచ్చినచో 72,000 రూపాయలే యగును. ఒకే చదువు, ఒకే విద్యార్థి. అప్పు తెచ్చిన చోటు మారుటచేతనే లక్ష రూపాయల తేడా వచ్చుచున్నది.

ఐదేండ్లని చెప్పుటకు కారణము కలదు. భౌతికశాస్త్ర పట్టము మూడేండ్లతో ముగియదు. దానిని జీతముగా మార్చవలెనన్నచో బి.ఎడ్. గాని ఎం.ఎస్సి. గాని మరి రెండేండ్లు చదువవలెను. బి.ఎడ్. 2015 నుండి రెండేండ్ల చదువైనది. ఆ పిమ్మట అర్హత పరీక్ష, అటుపిమ్మట నియామక ప్రకటన. తెలంగాణలో 2017 తరువాత ఉపాధ్యాయ నియామక ప్రకటన మరల 2023లో గాని రాలేదు. దానిని రద్దుచేసి 2024 ఫిబ్రవరిలో 11,062 ఖాళీలతో క్రొత్త ప్రకటన వెలువరించిరి. ఉద్యోగము దొరికిన వానికి లోటు లేదు. 2020 వేతన సవరణ ప్రకారము స్కూల్ అసిస్టెంటు మూలవేతనము 42,300 రూపాయలతో మొదలగును. ఆ జీతముతో పైయప్పు తీర్చుట కష్టము కాదు. కష్టమంతయు జీతము రాకముందటి సంవత్సరములలోనే యున్నది.

ఈ ప్రాంతమున ఆ నిరీక్షణ మరింత దీర్ఘమగుటకు వేరొక హేతువు కలదు. బి.ఎస్సి. ప్రయోగశాలలో విద్యార్థి పోలారిమీటరు గొట్టములో చక్కెర ద్రావణము నింపి, ధ్రువిత కాంతి ఎన్ని డిగ్రీలు తిరిగినదో కొలుచును. చక్కెర కర్మాగారములలో రసమునందలి చక్కెర పాలును నిర్ణయించునది ఈ సూత్రమే. శాస్త్రము చదివిన వానికి ఊరిచెంతనే పని చూపగల నిజాం చక్కెర కర్మాగారము 1937లో శక్కర్‌నగరున స్థాపింపబడి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందినది. 2002లో దాని అధిక వాటా ప్రైవేటు చేతులకు పోయెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. రైతు చెరకును దూరపు కర్మాగారములకు తరలించినట్లే, పట్టభద్రుడు తన చదువును హైదరాబాదునకో, గల్ఫు దేశములకో తరలింపవలసివచ్చెను.

పంట ఋణమునకు గడువు పెట్టునపుడు పంట చేతికి వచ్చు కాలమును బట్టియే పెట్టుదురు. తోట నరుకక ముందే బాకీ కట్టుమని ఎవరును అడుగరు. విద్యాఋణమునకు బ్యాంకుల సామాన్య నియమము వేరు: చదువు ముగిసిన యేడాదికి వాయిదాలు మొదలగును. పైచదువులో నున్నవానికి గడువు పొడిగింపవచ్చును గాని, అది అడిగి సాధించుకొనవలసినది. 2009 నాటి కేంద్ర వడ్డీ రాయితీ పథకము వృత్తి, సాంకేతిక విద్యలకే ఉద్దేశింపబడుటచే సామాన్య బి.ఎస్సి. విద్యార్థికి అందు చోటు లేకపోయెను.

ఆస్ట్రేలియా 1989లోనే వేరొక మార్గము త్రొక్కినది: సంపాదన ఒక మేర దాటిన పిమ్మటనే విద్యాఋణము తీర్చుట. ఇంగ్లండులో 2023 ఆగస్టు నుండి చదువు మొదలిడిన వారు ఏటికి 25,000 పౌండ్లకు మించిన ఆదాయములో నూటికి 9 వంతులు చెల్లింతురు. 40 ఏండ్లకు మిగిలిన బాకీ రద్దగును. అచ్చట రుసుమే ఏటికి 9,000 పౌండ్లకు పైబడినది గనుక ఆ యేర్పాటంతయు అనుకరణీయమని చెప్పనక్కరలేదు. జీతము లేనినాడు వాయిదా లేదన్న న్యాయము మాత్రము గ్రహింపదగినది.

ప్రభుత్వములు ఆ న్యాయమును గ్రహించువరకు విద్యార్థి చేయదగినవి కొన్ని కలవు. పట్టమునకు సాధ్యమైనంత తక్కువ అప్పు చేయవలెను. చేయక తప్పనిచో ముందు బ్యాంకునడిగి పిదప ఇతరులనడుగవలెను. ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షలలో అగ్రశ్రేణిలో నిలిచి శాస్త్రము చదువువారికి 2008లో ఆరంభమైన ఇన్‌స్పైర్ పథకము ఏటికి 80,000 రూపాయలు ఏర్పరచినది. జామ్ పరీక్షలో నెగ్గినచో ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సి.కి దారి తెరచుకొనును. జాతీయ పరీక్షలో నెగ్గిన పరిశోధక విద్యార్థికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయల వేతనము నిర్ణయింపబడినది. ఇవి కొలదిమందికే దక్కునవి. కాని వీని పేరైన వినని విద్యార్థులు పల్లె కళాశాలలలో నున్నచో ఆ లోపము విద్యార్థులది కాదు.

కనుక తండ్రి ప్రశ్నకు సమాధానమిది: భౌతికశాస్త్రము అప్పు తీర్చగల చదువే, కాని త్వరగా తీర్చు చదువు కాదు. జీతమెంత యని అడుగువారు, జీతము వచ్చువరకు ఇల్లు ఎట్లు గడచునని కూడ అడుగవలెను. ఆ రెండవ లెక్కను పదవ తరగతిలోనే కాగితముపై వేయించు ఉపాధ్యాయుడు ఒక కుటుంబమును నూటికి రెండు రూపాయల వడ్డీనుండి కాపాడినవాడగును.