యంత్రం కంపెనీది, చాకిరీ తల్లిది

చెవిటి పిల్లలకు వినికిడి ప్రసాదిస్తున్నామని కాక్లియర్ ఇంప్లాంట్ కంపెనీలు చెప్పుకుంటాయి. ప్రకటనల్లో పాప నవ్వుతుంటుంది, పక్కన తల్లి కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. ఆ తర్వాత పదేళ్లు ఆ తల్లి ఏం చేస్తుందో ఏ ప్రకటనా చెప్పదు. ఆ తల్లుల్లో నేనొకదాన్ని కాబట్టి చెప్తున్నాను.

నేను ఈ యంత్రానికి వ్యతిరేకిని కాను. మా అమ్మాయి దీనితోనే మాటలు నేర్చింది. నా తగాదా యంత్రంతో కాదు, దాని మీద సాగుతున్న పెత్తనంతో.

ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద కంపెనీ సిడ్నీలోని కాక్లియర్ లిమిటెడ్. దాని పుట్టుక చూడండి. మెల్‌బోర్న్‌లో డాక్టర్ గ్రేమ్ క్లార్క్ బృందం 1978లో మొదటిసారి తమ ఇంప్లాంట్‌ను ఒక మనిషికి అమర్చింది. ఆ పరిశోధనకు టీవీ ద్వారా విరాళాలు పోగుచేశారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం నిధులిచ్చింది. 1995లో కంపెనీ షేర్ మార్కెట్‌కెక్కింది. ఖర్చు పెట్టేటప్పుడు ప్రజల సొమ్ము, లాభం వచ్చేసరికి వాటాదారుల ఆస్తి!

ఆ యంత్రాన్ని తయారుచేసేదెవరు? సన్నని ప్లాటినం తీగల్ని మైక్రోస్కోప్ కింద చేత్తో అమర్చే స్త్రీలు. సిడ్నీ లేన్ కోవ్ ఫ్యాక్టరీ కార్మికుల్లో అప్పట్లో వలస వచ్చిన ఆడవాళ్లే ఎక్కువగా ఉండేవారు. వాళ్ల యూనియన్‌తో ఉమ్మడి ఒప్పందానికి యాజమాన్యం ఏళ్ల తరబడి ససేమిరా అంది. ఉమ్మడి బేరసారాలే కావాలని మెజారిటీ కార్మికులు 2009లో ఓటేసి చెప్పాల్సి వచ్చింది. లోకానికి వినికిడి అమ్మే కంపెనీకి తన ఫ్యాక్టరీలో ఆడవాళ్ల గొంతు వినపడలేదు.

ఇక ఈ కొసన ఉన్న ఆడవాళ్ల సంగతి. ఇంప్లాంట్ రెండు ముక్కలు. ఒకటి ఆపరేషన్ చేసి చర్మం కింద, చెవి లోపల పెడతారు. రెండోది బయట చెవి మీద పెట్టుకునే ప్రాసెసర్. లోపలి ముక్క ఏ కంపెనీదైతే బయటిదీ ఆ కంపెనీదే కొనాలి. వేరేది పనిచేయదు. అంటే ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టిన రోజే ఆ బిడ్డ ఒక కంపెనీకి జీవితకాలపు ఖాతాదారు అయిపోతుంది. మా అమ్మాయి ప్రాసెసర్ పాతబడిందనీ, ఆ మోడల్‌కి ఇక విడిభాగాలు రావనీ, కొత్తది కొనుక్కోమనీ కంపెనీ మనిషి ఫోన్లో చెప్పాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నా చెవి దుద్దులు బ్యాంకులో పెట్టి దాని చెవికి యంత్రం తెచ్చాను.

యంత్రమే చెడితే? 2011 సెప్టెంబరులో కాక్లియర్ తన సీఐ500 రకం ఇంప్లాంట్లను వెనక్కి తీసుకుంది. 2020లో అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ కూడా ఒక రకాన్ని వెనక్కి తీసుకుంది. అల్మారాలో ఉన్నవి వెనక్కి పోతాయి. బిడ్డ తలలో చెడిపోయినది ఎలా పోతుంది? మళ్లీ ఆపరేషనే.

ప్రభుత్వాలు ఏం చేశాయి? ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద పిల్లలకు ఈ ఆపరేషన్ అందించింది. 2014లో సవరించిన కేంద్ర ఆడిప్ పథకం ఏటా 500 మంది పిల్లలకు, ఒక్కో యంత్రానికి 6 లక్షల రూపాయల దాకా ఇస్తామంది. మంచిదే. కానీ ఆపరేషన్‌తో వినికిడి రాదు, శబ్దం మాత్రమే వస్తుంది. ఆ శబ్దాన్ని మాటగా మార్చడానికి ఏళ్ల తరబడి థెరపీ కావాలి. వారం వారం బస్సెక్కేది ఎవరు? కూలి పోగొట్టుకునేది ఎవరు? ఇంటి దగ్గర ఒకే మాట వందసార్లు పలికించేది ఎవరు? దీన్ని మాతృప్రేమ అని పొగిడితే జీతం ఇవ్వక్కర్లేదు, లెక్కలో రాయక్కర్లేదు. బిడ్డకు మాటలు రాకపోతే మాత్రం 'తల్లి శ్రద్ధ పెట్టలేదు' అంటారు. కంపెనీ శ్రద్ధ గురించి ఎవరూ అడగరు.

పైగా, సైగలు చేస్తే మాటలు రావని మమ్మల్ని బెదిరించారు. రాత్రి యంత్రం తీశాక మా బిడ్డలతో మేం ఏ భాషలో మాట్లాడాలి? చెవిటి పిల్లలకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని 2016 వికలాంగుల హక్కుల చట్టమే అంటోంది. సైగల భాష ఓటమి కాదు, హక్కు.

అందుకే అడుగుతున్నాం. ప్రజాధనంతో కొనే ప్రతి ఇంప్లాంట్‌కూ విడిభాగాలు, మరమ్మతు, ప్రాసెసర్ మార్పిడి ఎన్నేళ్లు ఇస్తారో, ఏ ధరకిస్తారో టెండర్‌లోనే రాయించాలి. చెడిన యంత్రం తాలూకు ఆపరేషన్ ఖర్చు కంపెనీయే భరించాలి. థెరపీ మండల కేంద్రంలో దొరకాలి. దానికి వచ్చే తల్లికి బస్సు ఛార్జీ, పోయిన కూలి ఇవ్వాలి. సైగల భాష తల్లికీ బిడ్డకూ ఉచితంగా నేర్పాలి.

ఇది దయ కోసం పెట్టుకున్న అర్జీ కాదు. ఆ కంపెనీల లాభాల్లో మా పన్నులున్నాయి, మా జీతం లేని చాకిరీ ఉంది. లెక్క చెప్పమంటున్నాం.