ఫార్మాట్ చేయించే ముందు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంట్లోని కంప్యూటర్‌ను విండోస్ 11కు ఎలా మార్చుకోవాలన్న ప్రశ్న అప్పటినుంచి ఎన్నో కుటుంబాలలో వినిపిస్తున్నది.

మార్గాలు రెండు. మొదటిది, ఉన్నదాని మీదనే కొత్తది ఎక్కించుకునే అప్‌గ్రేడ్. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు చాలామట్టుకు యథాతథంగా నిలుస్తాయి. సరిపడకపోతే సాధారణంగా పది రోజులలోపు పాత దానికి మరలవచ్చు. రెండవది, డిస్కును తుడిచివేసి మొదటినుంచి ఎక్కించుకోవడం. మన వాడుకలో దీనినే ‘ఫార్మాట్ చేయించడం’ అంటారు. ఇందులో వెనుదిరిగే దారి లేదు.

“సి డ్రైవ్ ఒక్కటే తుడుస్తాం, మీ ఫైళ్లకేమీ కాదు” అని దుకాణంవారు చెప్పడం పరిపాటి. అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అనేవి మనం మార్చనంతవరకు ఆ సి డ్రైవ్‌లోనే ఉంటాయి. మన ఇళ్లలో ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు చేరేది అక్కడికే. ఫాంట్ల సంగతి కూడా మరువరాదు. తెలుగు టైపింగుకు అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్ వాడేవారు వాటిని తిరిగి ఎక్కించుకోవలసి ఉంటుంది. అను ఫాంట్లు లేనిదే వాటితో టైపు చేసిన తెలుగు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది.

కంప్యూటర్ సక్రమంగా నడుస్తూ, విండోస్ 11కు అర్హమైనదైతే అప్‌గ్రేడే మేలని మా అభిప్రాయం. వైరస్ సోకినప్పుడు, మాటిమాటికీ మొరాయిస్తున్నప్పుడు, ఇతరులు వాడినది కొన్నప్పుడు ఫార్మాట్ ఉత్తమం. మందకొడితనం ఒక్కటే ఫిర్యాదైతే ముందు డిస్కును పరీక్షింపజేయండి. పాతకాలపు హార్డ్ డిస్కే కారణమైతే ఫార్మాట్‌తో ఒరిగేది స్వల్పం. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చితే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఏ మార్గం ఎంచుకున్నా, ముఖ్యమైనవన్నీ ముందుగా విడి హార్డ్ డిస్కులోకి ఎక్కించి, దానిని మరొక కంప్యూటర్‌కు తగిలించి కొన్ని ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయిందన్న సందేశం కంటే తెరుచుకున్న ఫొటోయే నమ్మదగిన సాక్ష్యం.

అన్నింటికంటే ముందు ఇంటిల్లిపాదితో సంప్రదించండి. కంప్యూటర్‌ను దుకాణానికి తీసుకువెళ్లేది ఒక్కరే కావచ్చు, కానీ అందులో ఉన్నది అందరి అమానతు. మరణించిన నాన్నమ్మ గొంతు రికార్డు చేసిన ఫైలు ఏ మూలన ఉందో దానిని దాచుకున్న అమ్మాయికే తెలుస్తుంది. ఆమెను అడగడానికి పట్టేది రెండు నిమిషాలే. తుడిచివేశాక దానిని తిరిగి తెచ్చివ్వడం తరచుగా ఎవరి తరమూ కాదు.